ఆ పద్నాలుగు మిల్లీమీటర్లు

వంటలూ, ఊరగాయలూ, కుట్లూ అల్లికలూ ఉండే పేజీల్లో తుపాకీ గొడవేమిటని ముక్కున వేలేసుకోకండి. ఇది సీసపు గుళ్ళు పేల్చే చిన్న ఎయిర్ గన్ సంగతి. అంతకన్నా ముఖ్యంగా ఒక కొలత సంగతి. కొలతలంటే మనకి కొత్తా ఏమిటి? చంక దగ్గర అరంగుళం తప్పితే జాకెట్టు గతి ఏమవుతుందో మనకి ఎవరైనా చెప్పాలా?

మాది నాంపల్లి. నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఆ నుమాయిష్ 1946లో ఇప్పుడున్న చోటికి మారింది. మామూలుగా జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా జరుగుతుంది. ఆ నెలన్నరా మా ఇంటికి చుట్టాలు కరువుండరు. పగలు వంట, సాయంత్రం నుమాయిష్. అక్కడ చీరల దుకాణాల సంగతి మీకు తెలిసిందే. పిల్లలకి మాత్రం జెయింట్ వీల్, మిర్చి బజ్జీ, ఆ తరవాత బెలూన్లు పేల్చే దుకాణం. చెక్క మీద వరసగా కట్టిన రంగు బెలూన్లు, ముందు బల్ల మీద నాలుగు ఎయిర్ గన్లు. మా అమ్మాయికి తుపాకీ పిచ్చి పట్టింది అక్కడే. మగపిల్లలు మూడు పేల్చే చోట ఇది ఏడు పేల్చేది.

పిచ్చి అని ఎందుకనాలి లెండి. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళి పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కంచు పతకం తెచ్చారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది. ఆ పది మీటర్ల రైఫిలు పోటీలో కాగితం మీద పది మార్కుల చుక్క ఎంత ఉంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. పోపులో వేసే ఆవగింజ అంతకంటే పెద్దది! ఈ మాట చెప్పాక మా అత్తయ్యగారు కూడా "అమ్మో, సూదిలో దారం ఎక్కించినట్టే" అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకున్నారంటే సగం పని అయినట్టే.

అలా ఇంటర్ మొదటి సంవత్సరంలో మా అమ్మాయిని ఊరి చివర ఒక క్లబ్బులో చేర్పించాం. పుట్టినరోజుకి వాళ్ళ మావయ్య ఒక ఎయిర్ గన్ కొనిపెట్టాడు. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించకపోతే 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదని అది బొమ్మ కాదు సుమండీ. కన్ను పోగొట్టగలదు. మా ఇంట్లో అది బీరువాలో తాళంలో ఉంటుంది, గుళ్ళ డబ్బా వేరే చోట ఉంటుంది, తాళంచెవులు నా కొంగున ఉంటాయి.

ఆ గన్ మీద పెట్టడానికి అబిడ్స్‌లో ఒక షాపులో స్కోపు కొన్నాం. స్కోపంటే చిన్న దుర్భిణి. లోపల దారంలాంటి గీతలు రెండు అడ్డంగా నిలువుగా ఉంటాయి, అవి కలిసే చోటు గురి. పెద్ద పోటీల్లో పది మీటర్ల రైఫిలుకి ఇది పెట్టనివ్వరు. చిన్న చిల్లులోంచి చూసే సైటే ఉండాలి. కానీ ఆ రైఫిళ్ళు లక్షల్లో మాట. అందుకని క్లబ్బు వాళ్ళు కొత్త పిల్లల్ని ఇలాంటి స్కోపు గన్లతో పది, ఇరవై, ముప్ఫై మీటర్ల దూరాల్లో కాగితాల మీద పేల్చమని, బాగా చేసిన వాళ్ళకి క్లబ్బు సొంత రైఫిలు మీద సాధన చేసే వీలిస్తారు. ఈసారి ఇద్దరికే చోటుంది. పోటీకి నాలుగు వారాలు గడువు.

మావారు ముందే గిరి గీశారు. "ఈ ఇద్దరిలో వస్తే సరే. రాకపోతే గన్ను బీరువాలో, పిల్ల ఎంసెట్ పుస్తకాల్లో" అని. ఎంసెట్ అనే పాత పేరు ఆయన నోట్లోంచి పోదు, ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నా సరే. నేను ఆయన్ని తప్పు పట్టను. ప్రైవేటు కంపెనీలో ఎక్కౌంట్లు చూసే మనిషి. ఆటో ఖర్చు, గుళ్ళ ఖర్చు, రేంజి ఫీజు అన్నీ నెలాఖరుకి ఆయన డైరీలో ఎర్ర ఇంకుతో కనబడేవి.

మొదటి రెండు వారాలూ పిల్ల వెలిగిపోతూ వచ్చింది. పది మీటర్ల దగ్గర స్కోపు మరలు తిప్పి, గురి పెట్టిన చోటే గుండు పడేలా సరిచేశారు. దాన్ని వాళ్ళు జీరో చేయడం అంటారు. ఆ తరవాత ఇరవై మీటర్ల కాగితం పెట్టారు, ముప్ఫై మీటర్ల కాగితం పెట్టారు. అంతే, మొహం వాడిపోయింది.

గుళ్ళన్నీ పైకి పోతున్నాయట. ఇరవైకి కాస్త, ముప్ఫైకి ఇంకాస్త.

ఇంక సలహాలు మొదలయ్యాయి. కోచ్ కుర్రాడు మంచివాడే, "ట్రిగ్గర్ నొక్కేముందు భయపడి చెయ్యి పైకి లేపుతోందాంటీ" అన్నాడు. మా బావగారు భోజనాల దగ్గర కూర్చుని, "ఆడపిల్లల చేతికి ఆ నిలకడ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా" అని తేల్చేశారు. (ఆయన చొక్కాకి గుండీ ఊడితే కుట్టేది మా తోడికోడలు. సూదిలో దారం ఆయన ఏనాడూ ఎక్కించలేదు.) అబిడ్స్ షాపాయన దగ్గరికి తీసుకెళ్తే స్కోపు అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, గిది మీకు సమజ్ కాదు. స్కోపుల దమ్ము లేదు. ఇంకోటి వెయ్యిండ్రి, పరేషానీ ఖతం" అన్నాడు. ఇంకోటి అంటే ఇంకో ఆరు వేలు. మేము వచ్చేశాం.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ రాత్రి పిల్ల నా పక్కన పడుకుని, "అమ్మా, నా చెయ్యే మంచిది కాదేమో" అంది చూడండి, అది ఒక ఎత్తు. పదహారేళ్ళ పిల్ల ఒకసారి ఆ మాట నమ్మిందంటే తుపాకీ దగ్గరే ఆగదు. రేపు స్కూటరు నేర్చుకోమంటే నా చెయ్యి మంచిది కాదంటుంది. లెక్కల పరీక్ష పోతే నా బుర్ర మంచిది కాదంటుంది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న "ఆ కాగితాలు తీసుకురా" అన్నాను. మూడు కాగితాలూ భోజనాల బల్ల మీద పరిచింది. నాకు తుపాకీ తెలియదు గానీ కుట్టు తెలుసు. పది మీటర్ల కాగితం మీద చిల్లులు సరిగ్గా నడిమధ్యన. ఇరవై మీటర్ల కాగితం మీద నడిమి చుక్కకి సెంటీమీటరున్నర పైన. ముప్ఫై మీటర్ల కాగితం మీద దాదాపు మూడు సెంటీమీటర్ల పైన. కానీ ఏ కాగితం మీద చూసినా చిల్లులు ఒకదాన్నొకటి అంటుకుని గుంపుగా ఉన్నాయి. కుడికి పోయింది లేదు, ఎడమకి పోయింది లేదు.

వణికే చెయ్యి ఇలా కుడుతుందా? కొత్తగా మిషను నేర్చుకునే పిల్ల కుట్టు చూడండి, పాములా మెలికలు తిరుగుతుంది. అది చేతి తప్పు. అలా కాకుండా కుట్టు గీత గీసినట్టు తిన్నగా ఉండి, అంచుకి మాత్రం మొదటి నుంచి చివరి దాకా పావంగుళం లోపలికి ఉందనుకోండి. అప్పుడు మనం పిల్లని తిట్టం, మిషను ఫుట్ చూస్తాం. మనం కళ్ళతో చూసేది ఫుట్ అంచుని, సూది దిగేది దానికి కాస్త పక్కన. ఆ మధ్య దూరం ఎంతో తెలియకపోతే ఎంత నేర్పరికైనా కుట్టు తప్పు చోటే పడుతుంది.

"నీ కన్ను ఎక్కడ చూస్తోంది, గుండు ఎక్కణ్ణుంచి బయల్దేరుతోంది?" అని అడిగాను.

"కన్ను స్కోపులోంచి, గుండు కింద గొట్టంలోంచి" అంది.

"ఆ రెంటికీ మధ్య ఎంత?"

"ఫోన్లో ఉంది" అంది.

చూస్తే ఫోనులో ఒక లెక్కల యాప్ ఉంది. గుండు బరువు, వేగం, ఎన్ని మీటర్లకి జీరో చేశారో రాస్తే, ఏ దూరంలో గుండు ఎంత పైకో కిందికో పడుతుందో అదే చెబుతుంది. క్లబ్బులో పిల్లలందరూ అదే వాడతారట. అందులో ఒక గడి స్కోపు ఎత్తు. అందులో ఎవరూ ఏమీ రాయకముందే ఒకటిన్నర అంగుళం అని ఉంది. అంటే 38 మిల్లీమీటర్లు. రైఫిలుకి బాగా దగ్గరగా కూర్చునే స్కోపులకి మామూలుగా ఆ లెక్కే వాడతారట. మా షాపాయన మాత్రం పెద్ద అద్దమున్న స్కోపు ఇచ్చి, అది గొట్టానికి తగలకుండా ఎత్తయిన క్లాంపులు బిగించి పంపాడు. రెడీమేడ్ జాకెట్టు 38 సైజు అని రాసుంటే అందరికీ సరిపోతుందా?

ఆ ఎత్తుకి ఇంత ప్రాముఖ్యం ఎందుకో కత్తెర తీసి చూపిస్తే మా అత్తయ్యగారికి కూడా అర్థమైంది. మీరూ ఒక కత్తెర చేతిలోకి తీసుకోండి. పైరెక్క మన చూపు, కిందిరెక్క గొట్టం. గొట్టం చూపుకి కింద ఉంటుంది కదా, అందుకని గుండు పైకొచ్చి చూపుని కలుసుకోవడానికి గొట్టాన్ని కాస్త పైకి వాల్చాలి. మరలు తిప్పి చేసే పని అదే. రెండూ కలిసే చోటు, అంటే కత్తెర మేకు, పది మీటర్ల దగ్గరుంది. మేకు దాటాక ఏమవుతుంది? కిందిది పైకి పోతుంది. పట్టుకునే వైపు ఎంత ఎడం ఉంటే మొనల వైపు అంత ఎడం. మేకు నుంచి అంతే దూరం ముందుకి, అంటే ఇరవై మీటర్ల దగ్గర, ఎడంలో తేడా ఎంతో అంతా కనిపిస్తుంది. ముప్ఫై దగ్గర దానికి రెట్టింపు.

దీనికి తోడు భూమి గుండుని కిందికి లాగుతూనే ఉంటుంది. మా గన్ గుండు సెకనుకి రెండు వందల మీటర్లు పోతుందని పెట్టె మీద ఉంది. పది మీటర్లు పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు. ఆ రెప్పపాటులోనే సెంటీమీటరు పైగా కిందికి దిగుతుంది. గాలి అడ్డం వల్ల ఇంకాస్త. ఆ దిగడం లెక్క ఫోను బాగానే వేస్తోంది. గొట్టం ఎంత వాలుగా ఉందో దానికి తెలియదు. మనం ఎత్తు చెబితేనే తెలుస్తుంది.

సరే, కొలవాలి. గొట్టం నడిమధ్య నుంచి స్కోపు నడిమధ్య దాకా. ఇక్కడే అందరూ తడబడతారట. ఆ రెండు నడిమధ్యలూ గాలిలో ఉంటాయి, టేపు ఆనించడానికి ఏమీ ఉండదు. స్కోపు కింద నుంచి గొట్టం పైకి ఎంత ఖాళీ ఉందో కొలిచి అదే ఎత్తనుకునేవాళ్ళున్నారు. క్లాంపుల పెట్టె మీద అచ్చువేసిన ఎత్తు రాసేవాళ్ళున్నారు. అది క్లాంపు కూర్చునే పట్టాలకీ స్కోపుకీ మధ్య ఎత్తు, గొట్టంతో దానికి సంబంధం లేదు.

నేను జాకెట్టు డ్రాఫ్టింగు నేర్చుకున్న పద్ధతిలోనే చేశాం. మొదట గన్ తెరిచి లోపల గుండు లేదని నేనూ చూశాను, పిల్లా చూసింది. గుళ్ళ డబ్బా వేరే గదిలో పెట్టాం. గన్‌ని గోడ పక్కన బల్ల మీద రెండు దిండ్ల మధ్య నిలబెట్టి, స్కోపు గొట్టం మీద మావారి స్పిరిట్ లెవెల్ పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా దిండ్లు సర్దాం. గోడకి గ్రాఫు కాగితం అంటించాం. ఆపైన స్కూలు జామెట్రీ పెట్టెలోని మూలమట్టం కాగితానికి ఆనించి, స్కోపు ముందు భాగం పై అంచు, కింది అంచు, గొట్టం పై అంచు, కింది అంచు, ఈ నాలుగింటినీ అడ్డంగా కాగితం మీదికి తెచ్చి గీతలు పెట్టాం. స్కోపు ముందువైపు గిన్నెలా లావుగా ఉంటుంది, గొట్టం సన్నగా ఉంటుంది. ఎంత లావైనా, ఎంత సన్నమైనా రెండు అంచుల మధ్యకి మడిస్తే నడిమధ్య దొరుకుతుంది. వీపు ముక్కని సగానికి మడిచి మధ్యగీత పెట్టమా, అలాగే.

బల్ల మీంచి స్కోపు కింది అంచు 141, పై అంచు 189. వాటి మధ్య 165. గొట్టం కింది అంచు 105, పై అంచు 121. మధ్య 113. తీసివేస్తే 52 మిల్లీమీటర్లు.

ఒక్క కొలతని నమ్మి గుడ్డ కత్తిరించకూడదు కదా. ఇంకోలా చూశాం. స్కోపుకీ గొట్టానికీ మధ్య ఖాళీ 20. స్కోపు లావులో సగం 24. గొట్టం లావులో సగం 8. కూడితే 52. పిల్ల లేచి నిలబడింది. 52లోంచి 38 తీస్తే ఎంతమ్మా అంది. తనకి తెలియక కాదు, నా నోట వినాలని.

పద్నాలుగు మిల్లీమీటర్లు. ఇరవై మీటర్ల దగ్గర పద్నాలుగు, ముప్ఫై మీటర్ల దగ్గర ఇరవై ఎనిమిది. కాగితాల మీద సెంటీమీటరున్నర, దాదాపు మూడు సెంటీమీటర్లు. అవే!

ఫోన్లో 52 రాశాక దాని మాటే మారిపోయింది. అంతకు ముందు ముప్ఫై మీటర్లకి గుండు సుమారు సెంటీమీటరు ముప్పావు కింద పడుతుంది, అంత పైకి గురి పెట్టమని చెప్పేది. ఇప్పుడు సెంటీమీటరు పైచిలుకు పైన పడుతుంది, కిందికి గురి పెట్టమంది. పాపం పిల్ల ఇన్నాళ్ళూ చెప్పినట్టు తు.చ. తప్పకుండా పైకే గురి పెట్టింది. అంత కచ్చితంగా పెట్టింది కాబట్టే అంత కచ్చితంగా తప్పింది. నిజంగా చెయ్యి వణికే పిల్లయితే గుళ్ళు నాలుగు దిక్కులా చెదిరి, ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

సాయంత్రం మావారికి కాగితాలు చూపించాం. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండు నిమిషాలు చూసి, "ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పు పడిందన్నమాట. కింద ఎంత జాగ్రత్తగా కూడినా టాలీ ఎందుకవుతుంది?" అన్నారు. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

మధ్యలో ఇంకో ముచ్చట చెప్పాలి. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్తుంటే గన్‌ఫౌండ్రీ వస్తుంది. బస్సులో వెళ్తూ ఆ పేరు వెయ్యిసార్లు విని ఉంటాం. రెండో నిజాం కాలంలో, 1786లో, రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి అక్కడ ఫిరంగులు పోతపోసే బట్టీ పెట్టించాడు. పాతవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సంత ఉంటుంది కదా, అక్కడ మా అమ్మాయి ఫిరంగుల మీద అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి యాభై రూపాయలకి బేరమాడి తెచ్చింది. చూస్తే ఆ కాలపు ఫిరంగీల వాళ్ళకీ ఇదే తంటా! ఫిరంగి వెనకవైపు లావు, మూతివైపు సన్నం. పైన అంచు వెంట చూసి గురి పెడితే చూపు కిందికి వాలుతుంది, లోపలి గొట్టం చూపు కన్నా పైకి తిరిగి ఉంటుంది. గుండు ఎత్తుగా పోతుంది. అందుకని వెనక లావుకీ ముందు లావుకీ ఉన్న తేడాలో సగం ఎత్తు కొలిచి, అంత మైనం ముద్దో కర్రముక్కో మూతి మీద పెట్టి, దాని మీంచి చూసేవారట. అప్పుడు చూపూ గొట్టమూ సమంగా సాగుతాయి. సగం, మళ్ళీ అదే సగం. గోల్కొండ కోట మీద ఫిరంగుల్ని పిల్లలకి చూపించేటప్పుడు ఈసారి వెనక లావు, ముందు లావు చూపించండి.

మీ పిల్లలెవరైనా ఈ ఆటలో ఉంటే రెండు మాటలు. మిల్లీమీటరో రెండో అటూ ఇటూ అయితే గాభరా పడనక్కర్లేదు. రెండు మిల్లీమీటర్లు తప్పితే ఇరవై దగ్గర రెండు, ముప్ఫై దగ్గర నాలుగు, అంతే. పిల్లల గుళ్ళ గుంపే అంతకన్నా వెడల్పు. వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిదే గానీ, అది లేదని ఆగిపోవద్దు. స్కేలూ గ్రాఫు కాగితమూ చాలు. వంద మీటర్లకి జీరో చేసే పెద్ద తుపాకులకి ఈ ఎత్తు పద్నాలుగు తప్పినా రెండు వందల మీటర్ల దగ్గర తేడా పద్నాలుగే, అంత దూరంలో అది లెక్కలోకి రాదు. పది మీటర్లకి జీరో చేసే చిన్న గన్లకే ఇది ప్రాణం. జీరో చేసిన దూరానికి ఇవతల కూడా తప్పుతుంది, తిరగబడి. అయిదు మీటర్ల దగ్గర పేల్చి ఉంటే మా పిల్ల గుండు లెక్క కన్నా ఏడు మిల్లీమీటర్లు కిందికి పడేది. నుమాయిష్ బెలూను దుకాణంలో ఇవేవీ అక్కర్లేదు, బెలూను అంత పెద్దది.

ఇంత లెక్క ఎందుకు, ప్రతి దూరంలోనూ పేల్చి చూసి ఎంత తేడా వస్తోందో రాసుకుంటే పోదా అని కోచ్ అన్నాడు. నిజమే, రేంజిలో రోజంతా గడపగలిగిన వాళ్ళు అలాగే చేస్తారు. మాకు గంట చొప్పున డబ్బు కట్టాలి. ఇంట్లో ముప్ఫై మీటర్ల వరండా లేదు. పైగా రాసుకుంటే తేడా పోతుంది గానీ, తేడా ఎందుకొచ్చిందో తెలియదు. మా పిల్లకి ఆ ఎందుకే కావలసింది.

పోటీకి ముందు శనివారం రేంజికి నేనూ వెళ్ళాను. ముప్ఫై మీటర్ల కాగితం మీద మొదటి అయిదు గుళ్ళు. దుర్భిణిలో చూసిన పిల్ల ఏమీ మాట్లాడలేదు, పక్కకి జరిగి నన్ను చూడమంది. నల్ల వృత్తం మధ్యలో నా బొట్టంత గుంపు. కోచ్ కుర్రాడు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత పిల్లతోనే, "చెయ్యి గురించి నేనన్న మాట కొట్టెయ్యమ్మా" అన్నాడు. చిన్నవాడైనా ఆ మాట అనగలిగాడు, నాకు ముచ్చటేసింది. ఆ రోజే మిగతా పిల్లలందరి స్కోపుల ఎత్తులూ కొలిపించాడు. ఒక్కరిది కూడా 38 లేదు. ఒకబ్బాయిది 41, మిగతావన్నీ 45 పైనే.

ఆదివారం పోటీలో మా అమ్మాయి మూడోది వచ్చింది. ఇరవైలో, ముప్ఫైలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుని, తేలికైన పది మీటర్ల దగ్గర కంగారులో రెండు గుళ్ళు పక్కకి కొట్టింది. అవి మాత్రం నిజంగా చేతివే. అదే అంది, నవ్వుతూనే అంది. ఇద్దరికే చోటు కదా, మావారి గిరి ప్రకారం గన్ను బీరువాలోకి వెళ్ళాలి. ఆటోలో ఇంటికొచ్చేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు. అబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయనే, "బుధవారం, శుక్రవారం పొద్దున్న రైఫిలు ఖాళీగా ఉంటుందట, ఆరింటికి పంపగలరా అని కోచ్ అడిగాడు" అన్నారు. ఏమన్నారని నేనడగలేదు. ఆరింటికి వెళ్ళాలంటే అయిదింటికి టిఫిను కావాలి, ఉప్మారవ్వ ఉందో లేదో అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

బావగారికి ఇంకా నేనేమీ చెప్పలేదు. ఆయన వచ్చినప్పుడు గోడ మీద ఆ గ్రాఫు కాగితం అలాగే ఉంటుంది, చూసుకుంటారు.

క్లబ్బు రైఫిలుకి స్కోపు లేదు, చిల్లు సైటే. మా పిల్ల మెడ పొడుగు. తల వంచకుండా చూడటానికి వీలుగా కోచ్ సైట్లు రెంటికీ, ముందుదానికీ వెనకదానికీ, కింద ఆరేసి మిల్లీమీటర్ల దిమ్మలు వేశాడట. పేల్చకముందే ఇది కాగితం మీద గీసి, మొదటి గుండు ఆరు మిల్లీమీటర్లు కిందికి పడుతుందని చెప్పిందట. అలాగే పడిందట. నాలుగు గుళ్ళలో సైటు తిప్పి సరిచేసుకుని, మిగతా గంటంతా పది మీటర్ల దగ్గర చేతి పనే చేసింది.